బస్సులో ల్యాప్‌టాప్ పోయింది: సబ్‌స్క్రిప్షన్లు మళ్ళీ కొనాలా, మెషిన్ దొరుకుతుందా?

మీరు రాసింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. రాత్రి బస్సులో హైదరాబాద్ నుంచి విజయవాడ వస్తుంటే సూర్యాపేట దగ్గర భోజనానికి ఆపారు, విజయవాడలో దిగేటప్పుడు చూస్తే పై ర్యాక్‌లో పెట్టిన బ్యాగ్ లేదు. హెచ్‌పీ ల్యాప్‌టాప్, విండోస్ 11. అందులో ఫోటోషాప్, లైట్‌రూమ్ ఉన్న అడోబ్ ప్లాన్, మైక్రోసాఫ్ట్ 365, నాన్నగారి ఫర్మ్ లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ ఉన్నాయి. బ్యాగ్ జేబులో ఫర్మ్ డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ (ఆన్‌లైన్‌లో సంతకం పెట్టే యూఎస్‌బీ) కూడా ఉంది. సాఫ్ట్‌వేర్లన్నీ మళ్ళీ కొనాలా, మ్యాక్ అడ్రస్ (ల్యాప్‌టాప్ నెట్‌వర్క్ కార్డుకు ఉండే నంబర్) ఇస్తే పోలీసులు ట్రేస్ చేస్తారా అని అడిగారు.

కొనక్కర్లేదు. మ్యాక్ అడ్రస్‌తో ట్రేస్ అవ్వదు. అయితే ఈ రెండు ముక్కలు చెప్పి ఊరుకుంటే మీకు ఉపయోగం లేదు. చేయాల్సిన పని చాలా ఉంది, అందులో ఏది ముందు ఏది వెనక అన్నదే అసలు సంగతి. కంగారులో అందరూ చేసే మొదటి పని అన్ని అకౌంట్లలోకి వెళ్ళి ఆ డివైస్‌ను తీసిపారేయడం, సరిగ్గా ఆ పనితోనే జాడ చెప్పే ఆధారం కొంత చెరిగిపోతుంది. చిన్న ఆఫీసులకు, ఫోటో స్టూడియోలకు కంప్యూటర్లు, లైసెన్సులు చూసుకునే పని నాది. పోయిన ల్యాప్‌టాప్‌లు తిరిగి రావడం తక్కువే, కానీ నేను చూసిన వాటిలో వచ్చినవి ఏదో అకౌంట్‌లో మిగిలిన ఐపీ అడ్రస్ (నెట్‌కు కలిసినప్పుడు నెట్ కంపెనీ ఇచ్చే నంబర్) వల్లో, అమ్మకానికి పెట్టిన చోట ఎవరో సీరియల్ నంబర్ సరిచూడడం వల్లో వచ్చాయి. ఈ రెండూ పోగొట్టుకున్నవాళ్ళు ముందు జాగ్రత్తగా రాసిపెట్టుకుంటేనే ఉంటాయి.

ముందు ఫోన్ తీయండి. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ తెరిస్తే మీ ల్యాప్‌టాప్ బ్రౌజర్ కనిపిస్తుంది, దాని కింద చివరిసారి ఎప్పుడు యాక్టివ్‌గా ఉందో టైమ్ ఉంటుంది. ఆ టైమ్ మీరు బస్సెక్కిన తర్వాతిది అయితే ఎవరో మెషిన్ ఆన్ చేసి నెట్‌కు కలిపారని అర్థం. స్క్రీన్‌షాట్ తీసుకుని, అప్పుడు లాగ్ అవుట్ చేయండి. దీన్ని మాత్రం రేపటికి వాయిదా వేయకండి, ఎందుకంటే వాట్సాప్ వెబ్ తెరిచి ఉంటే మీ పేరుతో మీ బంధువులకు 'అర్జంటుగా డబ్బు కావాలి' అని మెసేజ్‌లు పోవడానికి ఎంతోసేపు పట్టదు. టెలిగ్రామ్ వాడితే అందులోనూ డివైసెస్ పేజీ ఉంది, అక్కడ ఊరు కూడా చూపిస్తుంది.

తర్వాత వేరే కంప్యూటర్‌లో, ఇంట్లో వాళ్ళదైనా సరే, జీమెయిల్ తెరవండి. ఫోన్ యాప్‌లో ఇది కనిపించదు. ఇన్‌బాక్స్‌లో బాగా కిందకి వెళితే కుడివైపు చిన్న అక్షరాల్లో డీటెయిల్స్ అని ఉంటుంది, అది నొక్కితే మీ మెయిల్ ఎక్కడి నుంచి, ఏ ఐపీ అడ్రస్‌తో, ఏ టైమ్‌కు తెరుచుకుందో వస్తుంది. అది చివరి కొన్ని ఎంట్రీలే చూపిస్తుంది. మీరు ఫోన్‌లోనూ, ఈ కంప్యూటర్‌లోనూ మాటిమాటికీ మెయిల్ తెరుస్తూ ఉంటే పాతవి కిందకి జారి పోతాయి, కాబట్టి చూసిన వెంటనే ఫోటో తీయండి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో సెక్యూరిటీ కింద రీసెంట్ యాక్టివిటీ పేజీ ఇంకా మేలు, 30 రోజుల వరకు సైన్ ఇన్‌లు ఐపీతో సహా చూపిస్తుంది. డ్రాప్‌బాక్స్ ఉంటే దాని సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ పేజీ కూడా చూడండి. టాలీ సపోర్ట్ కోసం ఎనీడెస్క్ (దూరం నుంచి కంప్యూటర్ నడిపే యాప్) పెట్టుకున్నవాళ్ళు చాలామంది ఉంటారు, మీకూ ఉంటే ఆ మెషిన్ నంబర్ ఆన్‌లైన్‌లో కనిపిస్తోందా అని గమనించండి, అంతకు మించి లోపలికి వెళ్ళి హీరోయిజం చేయకండి.

ఈ స్క్రీన్‌షాట్లన్నీ తీసుకున్నాక పాస్‌వర్డ్‌లు మార్చండి. మొదట మెయిల్, ఎందుకంటే మిగతా అన్నిటి రీసెట్ లింకులూ అక్కడికే వస్తాయి. ఆ తర్వాత మైక్రోసాఫ్ట్, అడోబ్, బ్యాంకులు. క్రోమ్‌లో సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లన్నీ బయటపడినట్టే అనుకుని మార్చండి. మైక్రోసాఫ్ట్‌లో అన్నిచోట్లా సైన్ అవుట్ అనే బటన్ ఉంది కానీ అది పూర్తిగా అమలవడానికి 24 గంటల దాకా పట్టొచ్చు, దాన్ని నొక్కి ఇక నిశ్చింత అనుకోవద్దు.

ఇక్కడే ఒక జాగ్రత్త. మైక్రోసాఫ్ట్ అకౌంట్ డివైసెస్ పేజీలో ఆ ల్యాప్‌టాప్ పక్కన రిమూవ్ అనే మాట కూడా కనిపిస్తుంది, దాని జోలికి పోకండి. ఆ పక్కనే ఫైండ్ మై డివైస్ ఉంటుంది, అది తెరవండి. మీరు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో అడ్మిన్‌గా లాగిన్ అయి, ఆ ఫీచర్, లొకేషన్ ఆన్‌లో ఉంచి ఉంటే చివరిసారి నెట్‌కు కలిసినప్పుడు ఎక్కడుందో మ్యాప్ మీద వస్తుంది. ల్యాప్‌టాప్‌లలో సాధారణంగా జీపీఎస్ ఉండదు, చుట్టుపక్కల వైఫై రౌటర్లను బట్టి లెక్క వేస్తుంది, కాబట్టి ఒక్కోసారి ఇల్లు దాకా, ఒక్కోసారి పేట దాకా మాత్రమే చెబుతుంది. అక్కడి నుంచే లాక్ చేయవచ్చు, మీ ఫోన్ నంబర్‌తో మెసేజ్ కూడా పెట్టవచ్చు. విండోస్‌ను కొత్తగా ఎక్కించి లోకల్ అకౌంట్‌తో వాడితే ఇక జాడ ఆగిపోతుంది. అందుకే మొదటి రెండు మూడు రోజులే ముఖ్యం, రోజుకు నాలుగైదుసార్లు చూస్తూ ఉండండి.

చదివే వాళ్ళలో మ్యాక్‌బుక్ (యాపిల్ ల్యాప్‌టాప్) ఉన్నవాళ్ళు ఉంటారు కాబట్టి ఒక మాట. యాపిల్ చిప్ ఉన్నవీ, దానికి ముందు టీ2 చిప్‌తో వచ్చినవీ ఫైండ్ మై ఆన్‌లో ఉంటే యాక్టివేషన్ లాక్‌తో వస్తాయి, ఫార్మాట్ చేసినా మీ పాస్‌వర్డ్ అడుగుతుంది. లాస్ట్ అని మార్క్ చేయండి, అకౌంట్ నుంచి మాత్రం తీసేయవద్దు, తీసేస్తే దొంగకు తాళంచెవి ఇచ్చినట్టే. కొన్నాళ్ళకు 'మీ మ్యాక్ దొరికింది, ఈ లింక్‌లో లాగిన్ అవ్వండి' అని ఎస్సెమ్మెస్ రావచ్చు. అది ఆ తాళం తీయించుకోవడానికి వాళ్ళు పంపేదే.

ఇప్పుడు మీ మ్యాక్ అడ్రస్ సంగతి. అది మీ ల్యాప్‌టాప్‌కూ, అది కలిసిన రౌటర్‌కూ మధ్య మాత్రమే తిరిగే నంబర్, రౌటర్ దాటి ఇంటర్నెట్‌లోకి వెళ్ళదు. దాన్ని పట్టుకుని దేశమంతా వెతికే వ్యవస్థ లేదు. అలాగే 'సీఈఐఆర్‌లో బ్లాక్ చేయండి' అని మీకు ఎవరో చెప్పారన్నారు. టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలోని సీఈఐఆర్, ఫోన్‌కు ఉండే గుర్తింపు నంబర్ ఐఎంఈఐ మీద పనిచేస్తుంది, అది మొబైల్ ఫోన్ల కోసం. మన రెండు రాష్ట్రాల్లో పోలీసులు దాంతో ఫోన్లు బాగానే వెనక్కి తెచ్చి ఇస్తున్నారు, అందుకే అందరూ ల్యాప్‌టాప్‌కూ అదే చెబుతారు. మామూలు ల్యాప్‌టాప్‌కు ఐఎంఈఐ ఉండదు. 1930 నంబర్ కూడా దీనికి కాదు, అది ఆన్‌లైన్‌లో డబ్బు పోతే చేయాల్సింది. ఈ ల్యాప్‌టాప్ ద్వారా మీ అకౌంట్‌లోంచి రూపాయి కదిలినా మాత్రం క్షణం ఆలస్యం చేయకుండా దానికి ఫోన్ చేయండి.

ఐపీ అడ్రస్ దొరికితే అది నిజమైన ఆధారం, కానీ దాన్ని మీరు సొంతంగా వెతకలేరు. ఏదో వెబ్‌సైట్‌లో ఐపీ కొడితే హైదరాబాద్ అనో చెన్నై అనో చూపిస్తుంది, అది నెట్ కంపెనీ గేట్‌వే ఉన్న చోటు, దొంగ తెనాలిలో కూర్చున్నా అదే చూపించవచ్చు. ఆ ఐపీ ఆ నిమిషానికి ఏ కస్టమర్‌ది అని చెప్పగలిగేది ఆ కంపెనీ ఒక్కటే, వాళ్ళు మీకు చెప్పరు, పోలీసులు రాతపూర్వకంగా నోటీసు ఇస్తే చెబుతారు. ఒకప్పుడు పాత క్రిమినల్ ప్రొసీజర్ చట్టం సీఆర్‌పీసీ 91 కింద ఇచ్చేవారు, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 94 కింద. ఇంకో చిక్కు ఉంది. మొబైల్ నెట్ మీద ఒకే పాత తరహా ఐపీని ఒకే సమయంలో ఎంతోమంది కస్టమర్లకు పంచుతారు, అప్పుడు టైమ్ సెకన్లతో సహా కావాలి, వీలైతే పోర్ట్ నంబర్ (ఒకే ఐపీ పంచుకున్నవాళ్ళను వేరు చేసే నంబర్) కూడా కావాలి. మీకు దొరికింది కోలన్‌లతో పొడుగ్గా ఉండే ఐపీవీ6 అడ్రస్ అయితే పని తేలిక, దాని నుంచి కస్టమర్ దాకా వెళ్ళడం సులువు. స్క్రీన్‌షాట్‌లో టైమ్ మన ఐఎస్‌టీనా, అంతర్జాతీయ టైమ్ యూటీసీనా అన్నది తప్పకుండా రాయండి. ఐదున్నర గంటల తేడాతో నోటీసు వెళితే కంపెనీ నుంచి వచ్చేది వేరే ఎవరి పేరో అవుతుంది, పాపం ఆ మనిషి ఇంటికి పోలీసులు వెళతారు.

పోలీస్ స్టేషన్ విషయం. మీరు ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలో తెలియక ఆగానన్నారు, ఆగకండి. ప్రయాణంలో జరిగిన దొంగతనానికి బస్సు వెళ్ళిన దారిలో ఏ ప్రాంతానికైనా అధికారం ఉంటుంది, పైగా ఎక్కడ జరిగిందన్న దానితో సంబంధం లేకుండా ఫిర్యాదు తీసుకోవాలని బీఎన్‌ఎస్‌ఎస్ 173లో స్పష్టంగా ఉంది, దాన్నే అందరూ జీరో ఎఫ్ఐఆర్ అంటున్నారు. విజయవాడలో దిగారు కాబట్టి అక్కడి స్టేషన్‌లోనే ఇవ్వండి, వాళ్ళు సూర్యాపేటకు బదిలీ చేసుకుంటారు. మెయిల్ లేదా పోర్టల్ ద్వారా ఇస్తే 3 రోజుల్లో వెళ్ళి సంతకం పెట్టాలి. రైలులో పోయి ఉంటే టీటీఈ దగ్గరే ఫారం దొరికేది, అది రైల్వే పోలీసులకు వెళ్ళేది. బస్సుకు ఆ సౌకర్యం లేదు.

స్టేషన్‌లో 'పోయింది అని రాయండి సార్, త్వరగా అయిపోతుంది' అనే సలహా రావచ్చు. ఒప్పుకోకండి. లాస్ట్ రిపోర్ట్ వేరు, దొంగతనం కేసు వేరు. లాస్ట్ రిపోర్ట్ మీద నెట్ కంపెనీకి ఎవరూ నోటీసు పంపరు, ఇన్సూరెన్స్ ఉంటే క్లెయిమ్ దగ్గర ఇబ్బంది అవుతుంది. ప్రయాణికుల వాహనంలోంచి దొంగతనానికి బీఎన్‌ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 305 ఉంది, దొంగ సొత్తని తెలిసీ కొన్నవాడికి 317 ఉంది, కంప్యూటర్ కాబట్టి ఐటీ చట్టం 66బీ కూడా వర్తిస్తుంది. సెక్షన్లు మీరు చెప్పి ఎస్ఐ గారితో వాదన పెట్టుకోమని కాదు నా ఉద్దేశం, మర్యాదగా 'ఇది దొంగతనం సార్, ఇవిగో ఐపీ వివరాలు' అని రెండు పేజీల ప్రింట్ చేతికిస్తే పని జరిగే అవకాశం పెరుగుతుంది. ఫిర్యాదులో మోడల్, సీరియల్ నంబర్, ఛార్జర్, మీద ఉన్న స్టిక్కర్లు, గీతలు కూడా రాయండి. సీరియల్ నంబర్ పెట్టె మీద, జీఎస్‌టీ బిల్లు మీద ఉంటుంది, రెండూ లేకపోతే కొన్న షాపుకు ఫోన్ చేసి బిల్లు కాపీ మెయిల్ పెట్టమనండి. బస్సు వాళ్ళ దగ్గర సీసీ కెమెరా ఉంటే, భోజనానికి ఆపిన హోటల్ దగ్గర ఉంటే, ఆ ఫుటేజ్ ఎక్కువ రోజులు ఉంచరు కాబట్టి ఈ మాట మొదటి రోజే ఫిర్యాదులో చేర్చండి.

తర్వాత అదే సీరియల్ నంబర్‌తో, ఎఫ్ఐఆర్ కాపీతో తయారీ కంపెనీ సపోర్ట్‌కు మెయిల్ పెట్టండి. పాస్‌వర్డ్ తెలియని మెషిన్ చివరికి ఎవరో ఒక రిపేర్ టెక్నీషియన్ టేబుల్ మీదకే వస్తుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ మార్కెట్ సీటీసీలోనూ, విజయవాడలోనూ సెకండ్ హ్యాండ్ చేసేవాళ్ళలో బిల్లు లేకపోతే ముట్టుకోని వాళ్ళున్నారు, తెలిసినవాళ్ళ ద్వారా సీరియల్ నంబర్ వాట్సాప్ గ్రూపుల్లో పెట్టించండి. ఓఎల్ఎక్స్‌లో అదే మోడల్ కనబడితే లింక్ దాచుకుని పోలీసులకు ఇవ్వండి, కొనేవాడిలా నటించి ఒంటరిగా వెళ్ళవద్దు.

సబ్‌స్క్రిప్షన్లకు వద్దాం. అడోబ్ లైసెన్స్ ల్యాప్‌టాప్‌లో లేదు, మీ అడోబ్ ఐడీలో ఉంది. ఒక ఐడీ మీద రెండు కంప్యూటర్లు యాక్టివేట్ చేసుకోవచ్చు, కాబట్టి కొత్త దాంట్లో లాగిన్ అయితే చాలు, పరిమితి దాటితే పాత దాన్ని సైన్ అవుట్ చేయమని అదే అడుగుతుంది. పోయిన మెషిన్‌లో నెట్ లేకుండా ఫోటోషాప్ కొన్నాళ్ళు తెరుచుకోవచ్చు, తెరుచుకోనివ్వండి, మీకు పోయేదేం లేదు. కోపంలో ప్లాన్ క్యాన్సిల్ చేయడం మాత్రం దండగ. ఏడాది ఒప్పందంతో నెలనెలా కట్టే ప్లాన్‌ను 14 రోజులు దాటాక రద్దు చేస్తే మిగిలిన మొత్తంలో సగం వసూలు చేస్తారు. ఇంకొకటి, భయపడి కార్డు బ్లాక్ చేయించానన్నారు కదా, దాని మీద ఉన్న ఆటో డెబిట్లన్నీ ఆగిపోతాయి, కొత్త కార్డు రాగానే అడోబ్‌లో, మైక్రోసాఫ్ట్‌లో మళ్ళీ మాండేట్ (ఆటో డెబిట్‌కు అనుమతి) ఇవ్వకపోతే వచ్చే నెల ఆల్బమ్ డెలివరీ ముందు రోజు సరిగ్గా ప్లాన్ ఆగుతుంది.

అయితే ఒక ప్రశ్న అడగాలి, ఏమనుకోవద్దు. ఆ అడోబ్ ఐడీ మీ సొంత మెయిల్‌తో, మీ కార్డుతో తీసుకున్నదేనా? చాలా స్టూడియోల్లో టెలిగ్రామ్‌లో ఎవరి దగ్గరో ఏడాదికి చిన్న మొత్తం కట్టి, వేరే ఏదో సంస్థ పేరున్న లాగిన్ వాడుతుంటారు. అలాంటిది పోతే అడోబ్ సపోర్ట్ చేయగలిగింది ఏమీ లేదు, వాళ్ళ లెక్కలో మీరు కస్టమరే కాదు. మీ ఆఫీసు తీసుకున్న టీమ్ ప్లాన్ అయితే మాత్రం అడ్మిన్‌తో మాట్లాడితే నిమిషాల్లో అయిపోతుంది.

లైట్‌రూమ్ క్లాసిక్ వాడేవాళ్ళకు అసలు దెబ్బ లైసెన్స్ కాదు, క్యాటలాగ్. మీరు చేసిన ఎడిట్లన్నీ ఆ ఒక్క ఫైల్‌లో ఉంటాయి, అది మామూలుగా ల్యాప్‌టాప్ డిస్క్‌లోనే ఉంటుంది, అడోబ్ క్లౌడ్‌లో ఉండదు. మీ బయటి హార్డ్ డిస్క్‌లో దాని బ్యాకప్ ఏమైనా ఉందేమో ముందు వెతకండి.

మైక్రోసాఫ్ట్ 365 కూడా అంతే, ఒకేసారి 5 డివైసుల్లో సైన్ ఇన్ ఉండవచ్చు, కొత్త దాంట్లో లాగిన్ అవ్వండి. వన్‌డ్రైవ్‌లో డెస్క్‌టాప్, డాక్యుమెంట్లు సింక్ అయి ఉన్నాయేమో చూడండి. ఎవరైనా ఆ ల్యాప్‌టాప్‌లో ఫోల్డర్లు తుడిచేస్తే ఇక్కడా తుడిచిపెట్టుకుపోవచ్చు, కానీ రీసైకిల్ బిన్‌లో 30 రోజులు ఉంటాయి. విండోస్ మాత్రం ల్యాప్‌టాప్‌తో వచ్చింది ఆ మదర్‌బోర్డుకే ముడిపడి ఉంటుంది, తిరిగి రాదు, కొత్త మెషిన్‌కు దానిది దానికి ఉంటుంది.

టాలీ దగ్గర అందరూ తడబడతారు. మామూలుగా కంప్యూటర్ మార్చేటప్పుడు పాత దాంట్లో లైసెన్స్ సరెండర్ చేసి కొత్త దాంట్లో యాక్టివేట్ చేస్తాం, ఇప్పుడు పాతది చేతిలో లేదు. దానికే రీసెట్ లైసెన్స్ ఉంది. లైసెన్స్ తీసుకున్నప్పుడు ఇచ్చిన టాలీ డాట్ నెట్ ఐడీతో, అంటే ఆ మెయిల్‌తో, టాలీ కస్టమర్ పోర్టల్‌లోకి వెళ్ళి రీసెట్ చేసి కొత్త కంప్యూటర్‌లో సీరియల్ నంబర్, యాక్టివేషన్ కీ కొడితే అన్‌లాక్ కీ ఆ మెయిల్‌కే వస్తుంది. ఇబ్బంది ఎక్కడంటే, చాలా షాపుల్లో ఆ మెయిల్ ఐడీ అమ్మిన పార్ట్‌నర్‌దో, మానేసిన గుమస్తాదో అయి ఉంటుంది. అలా ఉంటే కొన్న పార్ట్‌నర్‌ను పట్టుకుని, ఫర్మ్ లెటర్‌హెడ్ మీద అడిగి, మెయిల్ మార్పించుకోండి. డేటా మామూలుగా సీ డ్రైవ్‌లో యూజర్స్, పబ్లిక్ కింద ఉంటుంది, దానంతట అది క్లౌడ్‌కు వెళ్ళదు. బ్యాకప్ లేకపోతే ఆడిటర్ గారి దగ్గర చివరగా పంపిన కాపీ ఉంటుంది, అక్కడి నుంచి మొదలుపెట్టి జీఎస్‌టీ పోర్టల్‌లోని రిటర్నులు, బ్యాంక్ స్టేట్‌మెంట్లతో మిగతాది మళ్ళీ ఎక్కించుకోవాలి. ఆయనతోనే ఇంకో మాట, ఆ ల్యాప్‌టాప్ కొన్నప్పుడు ఫర్మ్ ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్‌టీని తాము కట్టాల్సిన దాంట్లో తగ్గించుకోవడం) తీసుకుని ఉంటే, దొంగతనం పోయిన సరుకుకు అది చెల్లదని జీఎస్‌టీ చట్టం 17(5)లో ఉంది, రివర్స్ చేయాలా అని అడగండి.

డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ గురించి మీరు చివర్లో ఒక్క ముక్క రాశారు కానీ నాకు అన్నిటికంటే టెన్షన్ అదే. పిన్ ఉంటుంది నిజమే, ఆ పిన్ టోకెన్ మీదే స్టిక్కర్ మీద రాసి పెట్టుకునే వాళ్ళు ఎంతమందో. దాంతో రిటర్నుల మీద, టెండర్ల మీద మీ నాన్నగారి సంతకం పెట్టేయవచ్చు. సంతకం తాళం వేరేవాళ్ళ చేతిలో పడితే ఆలస్యం చేయకుండా సర్టిఫైయింగ్ అథారిటీకి (డిజిటల్ సంతకం జారీ చేసిన సంస్థకు) తెలియజేయడం ఐటీ చట్టం 42 ప్రకారం ఆ సంతకం ఉన్నవాళ్ళ బాధ్యత. ఎవరు జారీ చేశారో వాళ్ళకు ఈ రోజే రివొకేషన్ (రద్దు) రిక్వెస్ట్ పెట్టండి, పైన చెప్పిన స్క్రీన్‌షాట్లు తీస్తూనే ఇంకొకరితో ఈ ఫోన్ చేయించండి. కొత్తది తీసుకుని జీఎస్‌టీ, ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టళ్ళలో మళ్ళీ రిజిస్టర్ చేయాలి.

డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉందా లేదా తెలుసుకోవడానికి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో రికవరీ కీ పేజీ చూడండి. 48 అంకెల బిట్‌లాకర్ (విండోస్ ఎన్‌క్రిప్షన్) కీ అక్కడ ఆ ల్యాప్‌టాప్ పేరుతో ఉంటే మీ డిస్క్ తాళం వేసి ఉన్నట్టే, తీసి వేరే మెషిన్‌కు పెట్టినా పెళ్ళి ఫోటోలు, లెక్కలు చదవలేరు. అక్కడ ఏమీ లేకపోతే ఎన్‌క్రిప్షన్ లేదనే అనుకోండి. అప్పుడు విండోస్ పాస్‌వర్డ్ ఉన్నా డేటాకు అది అడ్డు కాదు, క్లయింట్ల ఆధార్, పాన్ కాపీలు ఉంటే వాళ్ళకు ఒక మాట చెప్పేయడం మర్యాద.

దొరికితే? పోలీసులు స్వాధీనం చేసుకున్నాక అది కోర్టు అధీనంలో ఉన్నట్టు లెక్క, బిల్లు, ఎఫ్ఐఆర్ పెట్టి మేజిస్ట్రేట్ దగ్గర బీఎన్‌ఎస్‌ఎస్ 497 లేదా 503 కింద అర్జీ వేస్తే పూచీకత్తు మీద ఇస్తారు. ఇలాంటి వస్తువులను స్టేషన్లలో అవసరానికి మించి ఉంచవద్దని సుప్రీంకోర్టు 2002లోనే సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో చెప్పింది, లాయర్ గారికి ఆ పేరు చెబితే చాలు. చేతికి వచ్చాక వెంటనే ఆన్ చేసి జీమెయిల్ లాగిన్ అవ్వకండి, మధ్యలో దాంట్లో ఎవరు ఏం ఎక్కించారో తెలియదు. డిస్క్ బయటకు తీయించి కావాల్సిన ఫైళ్ళు వేరే మెషిన్‌లో స్కాన్ చేసి కాపీ చేసుకున్నాక, విండోస్ మొదటి నుంచి ఎక్కించి వాడండి.